వెలుగు ఉలి చెక్కిన వెండి

మా షోలాపురం తూర్పు పేటలలో యే కార్ఖానా అరుగు మీద కూర్చున్నా వినవచ్చే సంగతులు మూడే: నూలు ధర, కరెంటు బిల్లు, పిల్లల చదువు. గత చలికాలంలో యీ మూడింటినీ కలిపి ముడివేసే నాలుగో సంగతి ఒకటి మా చెవిని పడింది. దాని వెంటబడి మేము కొంత చదివాము. తెలిసినవారిని అడిగి కొంత తెలుసుకొన్నాము. తెలిసినంత మట్టుకు చదువరుల ముందు పెడుతున్నాము.

మా మేనమామ వరసైన పెద్దమనిషి ఒకాయనకు తువ్వాళ్ళ కార్ఖానా వున్నది. పెద్దది కాదు, ఎనిమిది మరమగ్గాలు. ఒకనాటి సాయంత్రం మేము ఆ అరుగు మీద కూర్చొని చాయ తాగుతుండగా, చేతిలో సంచి, మెడలో టై వేసుకొన్న యువకుడొకడు వచ్చాడు. సంచిలోంచి చిన్న గాజుసీసా తీసి మామ చేతిలో పెట్టి, హిందీలో తన పాఠం అప్పగించాడు. అది నానో వెండి కలిసిన నీరట. లేసరుతో తయారు చేసినదట. తువ్వాలుకు పట్టిస్తే క్రిమి నిలవదట, చెమట వాసన రాదట. అటువంటి తువ్వాలు రెట్టింపు ధరకు పోతుందట.

మామ సీసాను దీపానికి అడ్డంగా పట్టి చూశాడు.

"పసుపు నీళ్ళ లెక్క వున్నది గదయ్యా! యిండ్ల వెండి యేడున్నది?"

వచ్చినవాడు జవాబుకు తడుముకొంటూ వుంటే గడపలో నిలబడిన మామ మనవరాలు అందుకొన్నది. ఆ పిల్ల భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. చదువుతున్నది.

"ఆ పసుపే వెండి తాతా. అంత సన్నగ పొడి అయితే వెండి నీళ్ళల్ల పసుపుగనే కనబడ్తది. కాని లేసరుతోటి చేసిందో, మందులు కలిపి చేసిందో రంగు చూసి చెప్పరాదు."

లోపల చాటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుడుతున్న అవ్వ కూడా యీ మాటలు విన్నది. వెండిని లేసరుతో చెక్కితే రాలిన పొడి యిది అని మనవరాలు విడమరచి చెప్పగానే ఆమె అన్న మాట మాకు యిప్పటికీ మరపు రాలేదు.

"మేము ఆకు కత్తిరిస్తే కత్తిరింపులు చెత్తల పడ్తయి. వీండ్లు కత్తిరింపులే అమ్ముకుంటరా బిడ్డా?"

నిజానికి యీ శాస్త్రమంతా ఆ ఒక్క మాటలో వున్నది. చెక్కడం కోసం మొదలైన పనిలో చెక్కుడే సరుకు అయింది. దీనిని శాస్త్రజ్ఞులు లేసరు అబ్లేషను అంటారు. లేసరు దెబ్బతో ఒక వస్తువు మీది పొరను రాల్చివేయటం అని దాని అర్థం.

వారం తరువాత వస్తానని సీసా అక్కడే వదిలి ఆ యువకుడు వెళ్ళాడు. ఆ వారంలో యింట రెండు ప్రశ్నలు తేలవలసి వున్నవి. ఒకటి, ఆ నీరు కొనాలా వద్దా అని. రెండోది అంతకంటె బరువైనది. మనవరాలు యిదే విద్యలో పరిశోధన చేయటానికి హైదరాబాదు వెళ్తానంటున్నది. యింట్లో పెండ్లి మాటలు నడుస్తున్నవి. "యేం పని అది? యెవరికి పనికొస్తది?" అని తండ్రి అడిగితే, "మీరు నాలుగక్షరాలు చదివినవారు, మీరే చెప్పండి" అని మామ ఆ బరువు మా నెత్తిన పెట్టాడు.

మంట మీదుగా గుడ్డ

లేసరు అంటే యేమి? దీపం నుంచి వచ్చే వెలుగు సంతలో జనం నడిచినట్లు వుంటుంది. యెవరి దారి వారిది, యెవరి అడుగు వారిది. నారళీ పున్నమి నాడు మార్కండేయుని రథం లాగేటప్పుడో, అందరిదీ ఒకటే దిక్కు, ఒకటే అడుగు, ఒకటే ఊపు. లేసరు వెలుగు ఆ రెండో తీరుది. యిటువంటి వెలుగుకు ఆధారమైన సూత్రాన్ని 1917లో ఐన్‌స్టీన్ చెప్పాడు. 1960 మే నెలలో అమెరికాలో థియొడోర్ మైమన్ కెంపు కడ్డీతో మొదటి లేసరును వెలిగించి చూపాడు.

వెలుగుతో లోహాన్ని చెక్కటం యెలాగో అర్థం కావాలంటే మనవాళ్ళు గుడ్డ మీది నూగు కాల్చే పని తలచుకోవాలి. గుడ్డను మంట మీదుగా పరుగెత్తిస్తారు. నూగు కాలిపోతుంది, గుడ్డకు వేడి తగలదు. క్షణం నిదానిస్తే గుడ్డే కాలుతుంది. అంటే మంట యెంత అన్న దానికంటె, మంట తగిలిన కాలం యెంత అన్నది ముఖ్యం.

లేసరులోనూ అంతే. వెలుగును ధారగా కాక మెరుపులుగా విడగొట్టి వదులుతారు. మెరుపు పొడుగైతే వేడి లోహంలోకి పాకి, చుట్టుపక్కల కరిగిపోయి, చెక్కిన అంచు మొద్దుబారుతుంది. మెరుపు మిక్కిలి పొట్టిదైతే వేడి పక్కకు పాకే లోపునే, తగిలిన చోటి పదార్థం ఆవిరై లేచిపోతుంది. ఆ ఆవిరి మామూలు ఆవిరి కాదు. పరమాణువులు కూడా చీలి మండే మేఘం. దానిని ప్లాస్మా అంటారు.

పొట్టి మెరుపు అంటే యెంత పొట్టి? యీనాటి పరిశోధనశాలలలో వాడేది ఫెమ్టో సెకన్ల లెక్క. ఒక సెకనులో ఫెమ్టో సెకను యెంతో, మూడు కోట్ల సంవత్సరాలలో ఒక సెకను యించుమించు అంత. వెలుగు ఒక సెకనులో మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది గదా! వంద ఫెమ్టో సెకన్లలో ఆ వెలుగే రెండు నూలు పీచుల మందం మాత్రం దాటగలదు.

యింత పొట్టి మెరుపుకు బలం యెక్కించటం మొదట సాధ్యం కాలేదు. బలం పెంచితే లేసరు యంత్రమే పాడయ్యేది. 1985లో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయంలో జెరార్ మూరూ అనే ఆచార్యుడూ, ఆయన శిష్యురాలు డొనా స్ట్రిక్లండూ కలిసి ఉపాయం కనిపెట్టారు. మెరుపును ముందు సాగదీసి పలచన చేశారు. పలచన అయినదానికి బలం యెక్కించారు. తరువాత తిరిగి కుదించారు. అప్పటికి ఆమె యింకా డాక్టరేటు విద్యార్థిని. ఆ పనికి 2018లో ఆ యిద్దరూ భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానంలో భాగం పొందారు.

తులం వెండి, అయిదు వందల తువ్వాళ్ళు

యిక నానో మాట. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన పత్తి పీచు మందం సుమారు 15,000 నానోమీటర్లు. 20 నానోమీటర్ల వెండి రేణువులను పక్కపక్కన పేర్చుకొంటూ పోతే ఒక్క పీచు అడ్డానికి 750 రేణువులు పడతవి.

అంత చిన్నవి చేస్తే లాభం యేమి? ఒక చిన్న లెక్క చూడండి. పక్కకు ఒక సెంటీమీటరు వుండే వెండి ఘనం తూకం పదిన్నర గ్రాములు. అంటే మన బజారు తులం కంటె కొంచెం యెక్కువ. దాని ఆరు ముఖాలూ కలిపి ఆరు చదరపు సెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల ఘనాలుగా కోయగలిగితే, వాటి ముఖాలన్నీ కలిపి 600 చదరపు మీటర్లు అవుతవి. మన పెద్ద తువ్వాళ్ళు అయిదు వందలకు పైగా పరచినంత మేర! పదార్థం యే పని చేసినా, క్రిములను చంపినా, రసాయన క్రియను నడిపినా, పైముఖంతోనే చేస్తుంది. కాబట్టి తూకం పెరగకుండానే పనిచేసే మేర పెరిగింది.

రంగు కూడా మారుతుంది. సన్నని బంగారు రేణువులు నీటిలో కెంపు రంగుతో వుంటవి. యీ సంగతిని ఇంగ్లండులో మైకేల్ ఫారడే 1857లోనే ప్రకటించాడు. వెండి రేణువులు పసుపు రంగు చూపుతవి. అద్దకం తెలిసినవారికి యిది వింతగా తోచవచ్చు. యిక్కడ రంగుమందు లేదు. రేణువు కొలతే రంగు.

యీ రేణువులు చేసే మామూలు పద్ధతి రసాయనాలది. వెండి లవణాన్ని నీటిలో కరిగించి, మరో మందు కలిపి, వెండిని రేణువులుగా విడదీస్తారు. చవక పద్ధతి, రాశిగా వస్తుంది. కాని కలిపిన మందుల శేషం రేణువులను అంటుకొని వుంటుంది. లేసరు పద్ధతిలో మందు లేదు. గిన్నెలో నీరు, నీటి అడుగున వెండి రేకు, పైనుంచి మెరుపులు. రేకు నుంచి లేచిన ప్లాస్మా మేఘాన్ని నీరు నలువైపులా అదుముతుంది. అక్కడ ఒక బుడగ పుట్టి, సెకనులో వెయ్యో వంతు కూడా గడవక ముందే పెరిగి, కూలిపోతుంది. చల్లబడిన ఆవిరి రేణువులై నీటిలో కలుస్తుంది. చూస్తూ వుండగానే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. పొడి గాలిలోకి లేవదు గనుక పనిచేసేవాని వూపిరితిత్తులకు భయం తక్కువ. నూలు ధూళి, పొగాకు ధూళి యెరిగిన మన యిండ్లలో యీ గుణం విలువ వేరే చెప్పనక్కరలేదు. కంటికి మాత్రం యీ వెలుగు ప్రమాదం. తగిన అద్దాలు లేనిదే యెవరూ దాని దగ్గరకు పోకూడదు.

రైలు దారిలో రెండు వూళ్ళు

యిదంతా సముద్రాల అవతలి విద్య అని మేము కూడా మొదట అనుకొన్నాము. చదివిన మీదట మాకు కలిగిన ఆశ్చర్యం యింతా అంతా కాదు. పూనా నుంచి హైదరాబాదు పోయే రైలు మన షోలాపురం మీదుగా పోతుంది గదా! ఆ దారికి ఆ కొస యీ విద్యలో ఒక ముఖ్యమైన మొదలు జరిగింది. యీ కొస అది పెరుగుతున్నది.

లేసరుతో పదార్థాన్ని ఆవిరి చేసి, గాలి లేని పెట్టెలో మరో పలక మీద పలుచని పొరగా పట్టించటం 1965లోనే అమెరికాలో చేసి చూశారు. 1985లో అక్కడి రైసు విశ్వవిద్యాలయంలో బొగ్గు జాతిదైన గ్రాఫైటును లేసరుతో ఆవిరి చేస్తే, 60 కర్బన పరమాణువులు కాలిబంతి ఆకారంలో కూడిన కొత్త అణువు దొరికింది. ఆ పనికి కర్ల్, క్రోటో, స్మాలీ అనే ముగ్గురికి 1996లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానం వచ్చింది. కాని అవన్నీ వాయువుల నడుమనో, గాలి తీసివేసిన పెట్టెలలోనో జరిగిన పనులు.

నీటి అడుగున వున్న లోహం మీద లేసరు మెరుపు కొట్టి యేమవుతుందో చూచినవారిలో మొదటివారు పూనా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు. అది యీనాటి సావిత్రీబాయి ఫులే పుణె విశ్వవిద్యాలయం. సతీశ్‌చంద్ర ఓగలే, వి. జి. భిడే మొదలైన ఎనిమిదిమంది కలిసి నీటిలోని యినుము మీద కెంపు లేసరు మెరుపులు వేశారు. మామూలుగా నిలవని ఒక రకపు యినుప ఆక్సైడు పొర ఆ యినుము మీద యేర్పడి నిలిచింది. వేడెక్కటం, నీటితో కలవటం, చల్లారటం అన్నీ కన్ను మూసి తెరిచేంతలో జరిగిపోవటమే అందుకు కారణం. 1987 జనవరిలో ఆ ఫలితం అమెరికా భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయింది. వారు చూచినది లోహం మీది పొరను. నీటిలో కలిసిన రేణువులను కాదు. 1993లో జర్మనీలోనూ అమెరికాలోనూ వేరువేరు బృందాలు ద్రవంలోని రేణువుల కోసమే యీ పద్ధతిని వాడాయి. అయినప్పటికీ యీ విద్య చరిత్ర వ్రాసేవారు పూనా పేరును మొదటి పుటలో వ్రాస్తారు.

యిటు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు సోమా వేణుగోపాలరావు గారి బృందం ఫెమ్టో సెకను లేసరులతో ద్రవాలలో వెండి, బంగారం, రాగి రేణువులను తయారు చేసింది. వారి వుద్దేశం తువ్వాళ్ళు కాదు. ప్రేలుడు పదార్థాల జాడ పట్టటం. 1928లో సి. వి. రామన్ కనిపెట్టిన రామన్ ఫలితం వల్ల యే పదార్థం నుంచి చెదిరిన వెలుగైనా దాని గుర్తులు చెబుతుంది. కాని ఆ గుర్తు మిక్కిలి బలహీనం. సన్నని వెండి, బంగారు రేణువుల మీద ఆ పదార్థం వాలితే అదే గుర్తు యెన్నో వేల రెట్లు బలంగా వినిపిస్తుంది. ఆ విధంగా పిక్రిక్ ఆమ్లం వంటివాటిని అతి స్వల్పంగా వున్నప్పుడు కూడా వారు పట్టి చూపారు. పిక్రిక్ ఆమ్లం ప్రేలుడు మందే గాని, పందొమ్మిదో శతాబ్దంలో పట్టుకు పసుపు రంగు వేసిన అద్దకపు మందు కూడా అదే.

అదే నగరంలో బాలాపూరు దగ్గర ఎ.ఆర్.సి.ఐ. అనే కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థ వున్నది. లోహపు పొడులు, కొత్త పదార్థాలు దాని వ్యవహారం. లేసరుతో లోహాలను గట్టిపరచటానికీ, పూతలు పూయటానికీ, పైముఖం మలచటానికీ అక్కడ ప్రత్యేక విభాగమే వున్నది.

తామరాకు పాఠం

పైముఖం మలచటం అన్న మాట పద్మశాలి యింట పుట్టినవారు ఆగి వినవలసినది. తామరతూడు నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనాఋషి కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవటం కూడా అందరూ చూచినదే. ఆకు మీద కంటికి కనబడని బుడిపెలూ, వాటి మీద మైనపు పూతా వుండటం చేత నీరు ఆకును అంటక బంతిలా దొర్లి, దుమ్మును కూడా తీసుకుపోతుందని 1997లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులు వివరంగా చూపించారు. 2015లో రోచెస్టరులో చున్లే గువో అనే శాస్త్రజ్ఞుడు సహచరునితో కలిసి, ఫెమ్టో సెకను లేసరుతో లోహం మీద అటువంటి మిట్టపల్లాలు చెక్కి, పూత లేకుండానే నీటిని గంతులు వేయించాడు. తామరాకు పాఠాన్ని వెలుగు ఉలి లోహానికి నేర్పింది.

బట్టల పనిలో కూడా లేసరు చెక్కుడు యిప్పటికే వచ్చింది. కొత్త జీన్సు ప్యాంట్లకు పాతబడిన రూపం తేవటానికి ఒకప్పుడు యిసుకను గాలిపోటుతో కొట్టేవారు. ఆ యిసుక ధూళి వూపిరితిత్తులలో చేరి టర్కీలో యెందరో పడుచు పనివారు సిలికోసిస్ జబ్బు పాలై చనిపోయారు. 2009లో ఆ దేశం ఆ పద్ధతిని నిషేధించింది. యిప్పుడు చాలా కార్ఖానాలలో లేసరు కిరణం గుడ్డ మీది నీలిరంగును పైపైన రాల్చివేస్తుంది. కిరణం యెక్కడ ఆగాలో, యెక్కడ కదలాలో కంప్యూటరు చెబుతుంది. జకార్డు కార్డులో చిల్లు వున్న చోట పోగు లేవటం, లేని చోట ఆగటం చూచిన కంటికి యిది కొత్త సంగతి కాదు.

తువ్వాలు లెక్క

యిక మామ చేతిలోని సీసా సంగతి. కిలో బట్టకు 50 మిల్లీగ్రాముల వెండి పట్టించాలనుకొందాము. 400 గ్రాముల తువ్వాలుకు 20 మిల్లీగ్రాములు కావాలి. పరిశోధనశాలలోని మామూలు లేసరు గంటకు అయిదు మిల్లీగ్రాములు రాల్చిందనుకొంటే, ఒక్క తువ్వాలుకు నాలుగు గంటలు! 2016లో జర్మనీలోని డ్యూయిస్‌బుర్గ్-ఎసెన్ విశ్వవిద్యాలయంవారు 500 వాట్ల గొప్ప లేసరుతో గంటకు నాలుగు గ్రాముల ప్లాటినం రేణువులు తీశారు. వెండికీ అదే వేగం వస్తుందనుకొన్నా గంటకు 200 తువ్వాళ్ళకు సరిపోతుంది. కాని ఆ యంత్రం ఖరీదు చిన్న కార్ఖానాదారు కలలో కూడా తలచేది కాదు. అందుచేత లేసరు రేణువులు శుభ్రత ముఖ్యమైన చోట, అంటే వైద్యపరిశోధనలో, పరీక్ష పలకలలో, రసాయన క్రియలు నడిపే ఉత్ప్రేరకాలలో, ముందు చోటు చేసుకొంటున్నవి. చవకగా లేసరు వెండి అమ్ముతామని యెవరైనా గుమ్మంలోకి వస్తే, ఆ మాటను కాగితం మీద చూపమనటం మర్యాదే.

యింతకంటె పెద్ద ప్రశ్న, ఆ వెండి గుడ్డను అంటుకొని వుంటుందా అన్నది. 2008లో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బెన్, వెస్టర్‌హాఫ్ అనే యిద్దరు బజారులో దొరికే వెండి మేజోళ్ళను కొని నీటిలో జాడించి కొలిచారు. కొన్నింటిలో వెండి నాలుగు ఉతుకులకే దాదాపు అంతా నీటిపాలయింది. కొన్నింటిలో కొంచెమే పోయింది. తేడా వెండిది కాదు, పట్టించిన తీరుది. వెండి శుభ్రంగా తయారైనంత మాత్రాన గుడ్డకు గట్టిగా పడుతుందన్న హామీ లేదు. కడిగిన నీటితో పోయిన వెండి కాలువలో చేపలకు చేటు. మురుగునీటిని శుద్ధి చేసే మంచి క్రిములకూ చేటు.

మా బుద్ధికి మన పేటలకు యీ విద్య వల్ల కలిగే అసలు మేలు తువ్వాలులో కాక నీటిలో వున్నది. రంగుల విషయంలో మనవారు పడిన పాట్లు పెద్దలకు గుర్తుండే వుంటవి. 1990ల నడుమ జర్మనీ కొన్ని అజో రంగులను నిషేధించింది. 1997 నాటికి మన దేశంలో కూడా 112 రంగుల మీద నిషేధం వచ్చింది. సరుకులో గాని, బావినీటిలో గాని ఫలానా రంగు వున్నదా లేదా అని తేల్చాలంటే నమూనా దూరపు ప్రయోగశాలకు పోవాలి, రోజులు ఆగాలి. లేసరు చెక్కిన వెండి పలక మీద ఒక బొట్టు వేసి, రామన్ గుర్తు చదివితే రంగుమందు జాడ నిమిషాలలో తెలుస్తుంది. పరిశోధనశాలలలో మిథిలీన్ బ్లూ వంటి రంగుల మీద యిది యెన్నోసార్లు చేసి చూచిన పని. అక్కడి నుంచి మన అద్దకపు హౌజు గట్టు దాకా రావటమే యింకా మిగిలింది. ఆ దూరం నడవటానికి రెండు లోకాలూ తెలిసినవారు కావాలి. రంగునీళ్ళ వాసన యెరిగి, వెలుగు లెక్క కూడా కట్టగలవారు కావాలి.

అరుగు మీది తీర్పు

వారం తరువాత ఆ యువకుడు మళ్ళీ వచ్చాడు. ఆనాడు మేము కూడా పనిగట్టుకొని వెళ్ళాము. మామ చాయ తెప్పించి, మనవరాలు వ్రాసి యిచ్చిన చీటీ చూస్తూ నాలుగు ప్రశ్నలు అడిగాడు. లీటరు నీటిలో వెండి యెంత? రేణువుల కొలత చూపే పరీక్ష కాగితం వున్నదా? యిరవై ఉతుకుల తరువాత గుడ్డ మీద క్రిముల పరీక్ష యెవరు చేశారు? ఉతికిన నీటిలో యెంత వెండి పోయింది?

"సేట్‌జీ, యివన్నీ యెవరూ అడగరు" అన్నాడు అతడు.

"అడిగెటోళ్ళు మా యింట్ల వున్నరు" అన్నాడు మామ.

కాగితాలు తెస్తానని అతడు వెళ్ళాడు. యీ మాటలు వ్రాసే నాటికి తిరిగి రాలేదు. అతని సరుకు చెడ్డదని మేము అనటం లేదు. కాగితం తెస్తే మామ తప్పక చూస్తాడు. పరీక్ష చేయించుకోదలచినవారికి బొంబాయిలోని బి.టి.ఆర్.ఏ. వంటి వస్త్రపరిశోధన సంస్థలలో గుడ్డ మీద క్రిముల పరీక్ష చేస్తారు. ఒక తాను పోతే పోయింది, మొత్తం సరుకు పోకూడదు గదా!

ఆ తరువాత చాలాసేపు యెవరూ మాట్లాడలేదు. మగ్గాల చప్పుడు మాత్రం వినబడుతున్నది. చివరకు పిల్ల తండ్రి మెల్లగా అడిగాడు, పరిశోధన అంటే యెన్నేండ్లని. అయిదేండ్లు పట్టవచ్చని చెప్పాము. నెలనెలా వేతనం వచ్చే పోటీపరీక్షలు వున్నవనీ, గెలిచినవారికే వస్తుందనీ కూడా దాచకుండా చెప్పాము. అయిదేండ్లంటే ఆడపిల్ల వయసు యెంత అవుతుందో ఆయన మనసులో లెక్క వేసుకొంటున్నాడని మాకు తెలుసు. ఆయన దిగులు ఉత్త దిగులు కాదు. ఆడపిల్ల తండ్రిని యెవరం తప్పుపట్టగలం?

అప్పుడు అవ్వ చాట పక్కకు పెట్టి, ఒడిలోని ఆకు దులుపుకొన్నది.

"నేను పదేండ్ల నాడు ఆకు పట్టిన. నలభై యేండ్లు చుట్టిన. నా చేతుల నుంచి యెన్ని లక్షల బీడీలు పోయినయో, లెక్క లేదు. ఒక్కదాని మీద నా పేరు లేదు. దీని పని మీద దీని పేరుంటదంటివి గద?"

వుంటుందని మేము అన్నాము. పూనాలో నీటి అడుగున యినుము మీద మెరుపు వేసిన ఎనిమిదిమంది పేర్లు యిన్నేండ్ల తరువాత షోలాపురంలో కూర్చొని మేము చదవగలిగినట్లే, వుంటుందని అన్నాము.

"మరి పోనీయ్యి" అన్నది అవ్వ.

మామ వెంటనే సరేననలేదు. "ముందు పరీక్ష వ్రాయనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. మన యిండ్లలో ఆ మాటకు సగం ఒప్పుకోలు అని అర్థం. పరీక్ష రుసుము ఆ రాత్రే కట్టారని తరువాత తెలిసింది. ఫలితం యింకా రావలసి వున్నది.

యిటువంటి పిల్లలు మన పేటలలో యింటికొకరు కాకపోయినా వీధికొకరు వున్నారు. వారు చెప్పే పేర్లు మనకు నోరు తిరగకపోవచ్చు. అయినా మగ్గం ముందు కూర్చొని పోగు తెగిన చోటు చీకటిలో వేలితో పట్టగలిగిన వంశం మనది. కంటికి కనబడని దానిని చేతితో పట్టే విద్య మనకు పరాయిది కాదు. చదువరుల యిండ్లలో యెవరైనా యీ దారిన నడుస్తూ వుంటే మాకు ఒక ఉత్తరం వ్రాయవలసిందిగా కోరుతున్నాము. వారి పని గురించి యీ పుటలలోనే తిరిగి మాట్లాడుకొందాము.

మామ కార్ఖానా గూటిలో ఆ సీసా యిప్పటికీ వున్నది. వెనుక నుంచి దీపం వెలుగు పడితే లేత పసుపు రంగుగా మెరుస్తుంది. అందులో వెండి యెంత వున్నదో కొలిచి చెప్పే రోజు ఆ పిల్లకు రావాలని కోరుకొంటున్నాము.